అరేని మార్చడం: ఎడ్సాక్ నుంచి రస్ట్ దాకా

పది అంకెల అరే ఒకటి ఉంది. ప్రతి అంకెనూ రెట్టింపు చెయ్యాలి. ఇంజనీరింగ్ మొదటి ఏడాది సి లాబ్‌లో కూర్చున్న కుర్రాడెవరైనా చిటికెలో రాసేస్తాడు. ఐ అని ఒక లెక్క పెట్టుకుంటాడు, సున్నా దగ్గర మొదలుపెడతాడు, పదికి చేరేదాకా ఒక్కొక్క గడీ దాటించుకుంటూ పోతాడు. అలవాటైన పని గనక ఇందులో అడగడానికేముంది అనిపిస్తుంది. కానీ అడిగినవాళ్లున్నారు. ఆ ఐ అనేదాన్ని ప్రోగ్రామరే ఎందుకు మొయ్యాలన్నది ఒక ప్రశ్న. గడిలోంచి తీసిన విలువ ఇంతకీ ఎవరి సొత్తన్నది ఇంకొకటి. మొదటిదాని జవాబు కోసం అర్ధ శతాబ్దం తిరిగారు. రెండోదాన్ని రోజువారీ పనికి వాడే భాషలోకి తెచ్చి, కంపైలర్ చేత గట్టిగా అడిగించింది రస్ట్.

వెనక్కి వెళితే 1949 మే 6. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ బృందం కట్టిన ఎడ్సాక్ ఆ రోజు తొలి ప్రోగ్రాం నడిపింది. అది అచ్చువేసింది వర్గాల పట్టిక. వరుసగా ఉన్న అంకెల్ని ఒక్కొక్కటే తీసుకుని ఇంకొక అంకెగా మార్చడమే ఆ పని, అంటే మన కథే. అయితే తొలినాటి ఎడ్సాక్‌లో ఇండెక్స్ రిజిస్టర్ లేదు. మెమరీలో పక్క గడికి పోవాలంటే, గడి చిరునామా ఉన్న ఆదేశాన్నే ప్రోగ్రాం దిద్దుకోవాలి. నూరో గడి తెచ్చే ఆదేశానికి ఒకటి కలిపితే అది నూటొకటో గడి తెచ్చే ఆదేశమవుతుంది. తనను తాను తిరగరాసుకుంటూ నడిచే ప్రోగ్రాంలో తప్పు దొర్లితే పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అదే కాలంలో మాంచెస్టర్ యంత్రం ఈ లెక్క కోసం ఒక గొట్టాన్నే విడిగా పెట్టింది. ఇండెక్స్ రిజిస్టర్ అనే పరికరం అక్కడ పుట్టింది.

ఐబీఎం 704లో ఇండెక్స్ రిజిస్టర్లు మూడుండేవి. 1957లో జాన్ బాకస్ బృందం ఆ యంత్రానికి ఫోర్ట్రాన్ తయారుచేసింది. తొలి ఫోర్ట్రాన్‌లో అరేకు మూడు కొలతలకు మించి ఉండవు. డూ అనే మాటతో లూపు వచ్చింది, లెక్కకు ఐ అన్న పేరూ ఆ భాష నుంచే స్థిరపడింది. ఆదేశాన్ని దిద్దే బాధ పోయింది గానీ లెక్క మోసే బాధ ప్రోగ్రామర్ నెత్తినే మిగిలింది. ఆ లెక్క తప్పితే ఏమవుతుందన్నది ఇక తరువాతి తరాల గొడవ.

ఈ గొడవలో నాకిష్టమైన ఘట్టం ఒకటుంది. 1960ల మొదట్లో టోనీ హోర్ ఇంగ్లండులో ఇలియట్ కంపెనీ కోసం ఆల్గాల్ 60 కంపైలర్ రాశారు. అరేలో ఏ గడిని ముట్టుకున్నా, ఆ నంబరు హద్దుల్లో ఉందో లేదో అది ప్రతిసారీ తనిఖీ చేసేది. వేగం కావాలంటే తనిఖీ ఆపుకునే వీలు పెట్టమంటారా అని కొన్నాళ్లకు వాడకందార్లను అడిగితే, అందరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. 1980 ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో హోర్ ఈ సంగతి చెప్పుకుని, ఆ తరువాత వచ్చిన భాషలు ఈ పాఠం నేర్వలేదని బాధపడ్డారు. ఆయన మాట్లాడే నాటికే సి భాష బెల్ ల్యాబ్స్ దాటి ప్రపంచమంతా తిరుగుతోంది. సి హద్దులు చూడదు. 1988 నవంబరులో మోరిస్ పురుగు ఇంటర్నెట్‌లో పాకిన దారుల్లో ఒకటి సరిగ్గా ఇదే. ఫింగర్ సేవా ప్రోగ్రాంలో 512 బైట్ల అరేలోకి అంతకన్నా పొడుగు అక్షరాల వరుస వచ్చి పడితే ఆపే దిక్కు లేకపోయింది.

ఇంకొక పాయ మొదటి నుంచీ వేరుగా పారింది. 1960 ఏప్రిల్‌లో జాన్ మెకార్తీ లిస్ప్ గురించి ప్రచురించిన వ్యాసంలో మ్యాప్‌లిస్ట్ అనే ఫంక్షన్ ఉంది. ఒక లిస్టునూ ఒక ఫంక్షన్‌నూ దానికిస్తే, ఆ ఫంక్షన్‌ను వరుస పొడుగునా ప్రయోగించి కొత్త లిస్టు కట్టి ఇస్తుంది. విచిత్రమేమిటంటే అది ఒక్కొక్క విలువను కాక, అక్కడి నుంచి చివరిదాకా మిగిలిన లిస్టు మొత్తాన్నీ ఫంక్షన్‌కు అందించేది. విలువనే అందించే మ్యాప్‌కార్ తరువాత వాడుకకెక్కింది. బీజగణిత సమాసాలను యంత్రం చేత అవకలనం చేయించడానికి మెకార్తీ మ్యాప్‌లిస్ట్‌ను వాడుకున్నాడు. అందులో ఐ లేదు, పది లేదు, హద్దు దాటే ప్రసక్తే లేదు. ఈ రోజు చాలా భాషల్లో కనిపించే మ్యాప్‌కు మూలపురుషుడు ఆయనే.

కెనెత్ ఐవర్సన్ దారి మరీ దగ్గరిది. 1962లో పుస్తకంగా వచ్చిన ఆయన సంకేత లిపి, ఏపీఎల్ పేరుతో ఐబీఎం యంత్రాలకెక్కింది. అందులో అరేని రెండుతో గుణించమంటే ప్రతి గడీ రెట్టింపవుతుంది. లూపు లేదు, ఫంక్షన్‌ను చేతికివ్వడమూ లేదు. చదవడానికి ప్రత్యేకమైన కళ్లు కావాలనేది వేరే సంగతి.

1977లో బాకస్‌కే ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఫోర్ట్రాన్ తండ్రి వేదికెక్కి, తాను పెంచి పోషించిన పద్ధతినే దుయ్యబట్టాడు. మెమరీకీ ప్రాసెసర్‌కీ మధ్య ఒక్కొక్క విలువనే మోసుకుపోయే ఇరుకు సందులో మన ఆలోచన కూడా ఇరుక్కుపోయిందన్నది ఆయన అభియోగం. దానికి విరుగుడుగా చూపించిన చిన్న భాషలో ఒక ఫంక్షన్‌ను వరుసలో ఉన్న అన్నిటికీ ప్రయోగించడం ఒక మూల సూత్రం. ఆ భాష ఎవరూ వాడలేదు, ఆ ప్రసంగాన్ని మాత్రం ఇప్పటికీ చదువుతున్నారు.

అదే దశకంలో ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం క్లూ భాషను కట్టింది. ఇటరేటర్ అన్న పేరుతో మనకు తెలిసిన వస్తువు అక్కడ నిలదొక్కుకుంది. కార్నెగీ మెలన్‌లో ఆల్ఫార్డ్ భాష జెనరేటర్లు దానికి ప్రేరణ. క్లూ ఇటరేటర్ ఒక విలువను లూపుకు అందించి అక్కడే ఆగుతుంది. లూపు తన పని ముగించుకోగానే ఆగినచోటు నుంచి మళ్లీ కదులుతుంది. అందించడానికి క్లూ వాడిన యీల్డ్ అన్న మాటే 2001 డిసెంబరులో వచ్చిన పైథాన్ 2.2లో మళ్లీ కనిపించింది. స్మాల్‌టాక్ భాష వాళ్లు తిరగేసి ఆలోచించారు. నడిచే పని వస్తువుకే అప్పగించి, ఒక్కొక్క గడి దగ్గరా ఏం చెయ్యాలో దాని చెవిన వేస్తే చాలన్నారు. పగ్గాలు వస్తువు చేతిలో ఉంటే అంతర్గత ఇటరేటర్, వాడేవాడి చేతిలో ఉంటే బాహ్య ఇటరేటర్. ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి, రస్ట్ చిన్నతనమంతా దీనితోనే గడిచింది.

సీ ప్లస్ ప్లస్‌లో అలెగ్జాండర్ స్టెపనోవ్ తన గ్రంథాలయాన్ని (లైబ్రరీని) ప్రమాణాల సంఘం ముందు పెట్టింది 1993 నవంబరులో. మరుసటి ఏడాదికల్లా అది అంగీకారం పొందింది. మొదలు ఇక్కడ, చివర ఇక్కడ అని రెండు ఇటరేటర్లు ఇస్తే ట్రాన్స్‌ఫార్మ్ అనే ఫంక్షన్ మధ్యలో ఉన్నవన్నీ మార్చి పెడుతుంది. వేగంలో చేత్తో రాసిన సి లూపుకు తీసిపోదు. కానీ వెక్టర్ అనే పెరిగే అరే మీద నడుస్తుండగానే ఎవరైనా దానికి ఇంకొక విలువ చేర్చారనుకోండి. చోటు చాలక వెక్టర్ మెమరీలో వేరే చోటికి మకాం మార్చొచ్చు. ఇటరేటర్ మాత్రం ఖాళీ చేసిన పాత ఇంటినే చూపిస్తూ ఉంటుంది. ఆ తరువాత ఏమవుతుందో భాష చెప్పదు. అమీర్‌పేటలో జావా నేర్చుకున్న వాళ్లందరికీ ఇదే తప్పు ఇంకొక రూపంలో పరిచయం. ఒక లిస్టు మీద లూపు తిప్పుతూ అందులోంచే ఒకదాన్ని తీసేస్తే, ప్రోగ్రాం నడుస్తుండగా కాంకరెంట్ మోడిఫికేషన్ ఎక్సెప్షన్ అని ఎర్రక్షరాల్లో కూలబడుతుంది. పేరులో కాంకరెంట్ ఉంది గనక రెండు థ్రెడ్లున్నాయేమోనని వెతికిన అమాయకులెందరో. ఉన్నది ఒక్కటే థ్రెడ్, దాని రెండు చేతులూ ఒకే వస్తువు మీద ఉన్నాయంతే.

మ్యాప్ మీద మ్యాప్ వేస్తే ఖర్చెంత అన్నది మరొక చిక్కు. మూడు మార్పులు వరసగా చెయ్యాలంటే, పాత పద్ధతిలో మధ్యలో రెండు తాత్కాలిక లిస్టులు పుట్టి చస్తాయి. పెళ్లి బంతిలో పప్పు గిన్నె పట్టుకుని ఒకరు ఆ చివరిదాకా వెళ్లి వచ్చాకే కూర గిన్నె బయలుదేరినట్టు ఉంటుంది. మొదటి విస్తరిలో అన్నీ వడ్డించి రెండో విస్తరికి కదిలితే గిన్నెలు పెట్టుకోవడానికి మధ్యలో బల్లలక్కర్లేదు. ఈ కలుపుడు పనిని కంపైలర్ చేత చేయించవచ్చని ఫిలిప్ వాడ్లర్ 1988లో చూపించాడు, హాస్కెల్ వాళ్లు ఆ దారినే చాలా దూరం నడిచారు. అడిగేదాకా లెక్క కట్టని బద్ధకం హాస్కెల్‌కు పుట్టుకతోనే ఉంది. ఆ బద్ధకాన్ని తరువాత అందరూ అరువు తెచ్చుకున్నారు. 2008 చివర్లో వచ్చిన పైథాన్ 3లో మ్యాప్ లిస్టును ఇవ్వడం మానేసి ఇటరేటర్‌ను ఇవ్వసాగింది. జావాకు ఇలాగే బద్ధకంగా నడిచే స్ట్రీములు 2014 మార్చిలో ఎనిమిదో వెర్షన్‌తో వచ్చాయి.

ఇక రస్ట్. అప్పట్లో మొజిల్లాలో పనిచేసే గ్రేడన్ హోర్ 2006లో సొంత సరదాగా మొదలుపెట్టిన భాష ఇది. 2009 నుంచి మొజిల్లా దన్ను దొరికింది. తొలి రోజుల రస్ట్‌లో ఇటరేటర్లు అంతర్గతమే. లూపులో రాసిన పనిని క్లోజర్‌గా మడిచి వస్తువుకిచ్చేవారు. అది నిజమంటే ముందుకు, అబద్ధమంటే ఆగు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. తిరకాసు ఎక్కడొచ్చిందంటే, రెండు వరసల్ని జతగా నడిపించడం దగ్గర. పగ్గాలు రెండు వస్తువుల చేతుల్లోనూ ఉంటే ఎవరు ఎవరి కోసం ఆగాలి? లూపు మధ్యలోంచి ఫంక్షన్ బయటికి దూకడానికీ నానా పాట్లు. 2013లో ఈ పద్ధతిని పెకలించారు. జులైలో వచ్చిన 0.7లో బాహ్య ఇటరేటర్లు గ్రంథాలయంలోకొచ్చాయి, సెప్టెంబరు నాటి 0.8లో ఫర్ లూపే కొత్త ఇటరేటర్ ట్రెయిట్‌కు మారింది. 2015 మే 15న 1.0 వచ్చే నాటికి అంతా కుదురుకుంది.

ఆ ట్రెయిట్ అడిగేది ఒక్కటే, నెక్స్ట్ అనే మెథడ్. తరువాతి విలువ ఉంటే సమ్ అని అందులో పెట్టి ఇవ్వాలి, అయిపోతే నన్ అనాలి. మ్యాప్, ఫిల్టర్, జిప్ వంటివన్నీ దానిమీద కట్టిన మేడలు. ఒక ఇటరేటర్‌కు మ్యాప్ తగిలిస్తే పని జరగదు, పాత ఇటరేటర్‌నూ క్లోజర్‌నూ లోపల పెట్టుకున్న చిన్న స్ట్రక్ట్ ఒకటి తయారవుతుంది. ఎవరైనా లాగినప్పుడే అది కదులుతుంది. మ్యాప్ రాసి ఊరుకుంటే కంపైలరే హెచ్చరిస్తుంది: ఇటరేటర్లు బద్ధకస్తులు, ఎవరూ వినియోగించకపోతే ఏమీ చెయ్యవు అని. ప్రతి క్లోజర్‌కూ సొంత టైపు ఉంటుంది గనక, రస్ట్ కంపైలర్ వెనక పనిచేసే ఎల్ఎల్‌వీఎం ఈ గొలుసునంతా విప్పి ఒకే లూపుగా పరిచేయగలదు. పైగా ఐ పెట్టి గడిని ముట్టుకుంటే రస్ట్ హద్దు తనిఖీ చేస్తుంది. ఇటరేటర్‌కు తన చివర ఎక్కడుందో తెలుసు గనక గడిగడికీ ఆ తనిఖీ అక్కర్లేదు. టోనీ హోర్ వాడకందార్లు వదులుకోలేమన్న భద్రతా, సి వాళ్లు వదులుకోలేమన్న వేగమూ ఇక్కడ కలిశాయి.

ఇంతవరకూ మొదటి ప్రశ్న. రెండోది ఇక్కడ మొదలవుతుంది. అయిదు పేర్లున్న స్ట్రింగుల అరే తీసుకుందాం. ప్రతి పేరు చివరా "గారు" చేర్చాలి. ఐటర్ అని పిలిస్తే పేర్లను చూడనిస్తుంది, ముట్టుకోనివ్వదు. కాబట్టి ప్రతి పేరుకూ కొత్త స్ట్రింగ్ కట్టుకోవాలి, పాత అరే చెక్కుచెదరదు. ఐటర్ మ్యూట్ అని పిలిస్తే గడిలో చెయ్యి పెట్టనిస్తుంది. అక్కడికక్కడే "గారు" అతికించవచ్చు, కొత్త అరే పుట్టదు. ఆ పని ముగిసేదాకా ఇంకెవరూ ఆ అరే వైపు కన్నెత్తి కూడా చూడకూడదు. ఇంటూ ఐటర్ అని పిలిస్తే పేరే మన చేతికొస్తుంది. దానికి "గారు" తగిలించి ముందుకు పంపేస్తాం, పాత అరే ఇక లేనట్టే. మరిచిపోయి తరువాతి వరుసలో దాన్ని వాడితే ప్రోగ్రాం కంపైలే కాదు. సీ ప్లస్ ప్లస్‌లో చెప్పాపెట్టకుండా కూలేదీ, జావాలో నడుస్తూ నడుస్తూ కూలేదీ ఇక్కడ ప్రోగ్రాం పుట్టకముందే తేలిపోతుంది. ఈ ఆలోచనకు ముందున్నవాళ్లు లేకపోలేదు. సైక్లోన్ అనే పరిశోధన భాష నుంచి రస్ట్ చాలా తీసుకుంది. పనివాళ్ల చేతుల్లోకి మాత్రం రస్ట్‌తోనే వచ్చింది.

ఇంత చేసిన భాష అరే దగ్గరే తడబడింది. ఇది నాకు ఎప్పుడూ వింతే. పెరిగే అరే అయిన వెక్‌కు ఐటర్, ఐటర్ మ్యూట్, ఇంటూ ఐటర్ అనే మూడు తలుపులూ మొదటి నుంచీ ఉన్నాయి. పొడవు కచ్చితంగా తెలిసిన, అన్నిటికన్నా సాదా అయిన అరేకు మూడోది చాలాకాలం లేదు. కారణం, రస్ట్‌లో అరే పొడవు దాని టైపులోనే భాగం. మూడు గడులదీ నాలుగు గడులదీ రెండు వేరు వేరు టైపులు. ఏ పొడవుకైనా వర్తించేలా ఒక్కసారి రాసే సాధనం అప్పట్లో భాషలో లేదు. అందుకని గ్రంథాలయం సున్నా నుంచి 32 దాకా ఒక్కొక్క పొడవుకూ మాక్రోతో విడివిడిగా రాసి పెట్టింది. 33 గడుల అరేని డీబగ్ రూపంలో అచ్చువెయ్యమంటే కుదరదని కంపైలర్ చెప్పేది. 2020 అక్టోబరులో వచ్చిన 1.47 దాకా ఈ తంతు సాగింది. 2021 మార్చి నాటి 1.51లో కాన్స్ట్ జెనరిక్స్ పేరుతో ఆ సాధనం అందరికీ అందాక దారి తెరుచుకుంది.

తెరుచుకున్న దారిలో ఒక పాత అలవాటు అడ్డంగా పడుకుని ఉంది. అరే మీద ఇంటూ ఐటర్ అని పిలిస్తే, అరేకు సొంత మెథడ్ లేక, కంపైలర్ చాటుగా ఒక రిఫరెన్స్ తీసి దాని మెథడ్‌ను పిలిచేది. అంటే పేరు తీసుకోవడం, దక్కేది చూడటం. చాలామంది అలా రాసేసి ఉన్నారు. ఇప్పుడు అసలు మెథడ్ పెడితే వాళ్ల ప్రోగ్రాములు విరుగుతాయి. ముందొక హెచ్చరిక పెట్టి చూశారు. చివరికి 2021 జూన్‌లో వచ్చిన 1.53లో కంపైలర్‌కు ఒక ప్రత్యేక మినహాయింపు నేర్పారు: ఆ ట్రెయిట్ అరేకు ఉంటుంది, ఫర్ లూపులో పనిచేస్తుంది, కానీ పాత ఎడిషన్లలో, అంటే భాష పాత రూపాల్లో, చుక్క పెట్టి పిలిస్తే లేనట్టే నటించాలి. అక్టోబరులో 1.56తో వచ్చిన 2021 ఎడిషన్‌లో నటన ఆపేశారు. ఒక్క మెథడ్ పేరు కోసం భాషకు ఇలా రెండు ముఖాలు పెట్టడం చాదస్తమని కొందరికి అనిపించవచ్చు. నిన్న రాసిన ప్రోగ్రాం రేపూ నడవాలన్న మాటకు కట్టుబడితే ఇంతకన్నా మర్యాదైన దారి నాకు కనిపించదు.

ఈ మధ్యలోనే, సెప్టెంబరు 9న, 1.55లో అరేకు సొంత మ్యాప్ వచ్చింది. పొడవు మారకుండా అరే నుంచి అరేకు. ఇది ఇటరేటర్ మ్యాప్‌లా బద్ధకస్తు కాదు, పిలవగానే పని ముగించేస్తుంది. పైకి సులువుగా కనిపించే ఈ మెథడ్ లోపల ఒక జాగ్రత్త ఉంది. అయిదు పేర్లలో మూడోదాన్ని మార్చుతుండగా క్లోజర్ ప్యానిక్ అయి మధ్యలో ఆగిపోయిందనుకోండి. అప్పటికి రెండు పేర్లు కొత్త అరేలో చేరాయి, రెండు పాతదానిలో మిగిలాయి. మెమరీలో కొంత నిండిన గడులు, కొంత ఖాళీ గడులు. ఎన్ని నిండాయో లెక్క పెట్టుకునే కాపలా ఒకటి లోపల ఉండి, నిండినవాటిని మాత్రమే శుభ్రం చేస్తుంది. ఐ పెట్టుకుని లెక్క మోసే పని పూర్తిగా పోలేదన్నమాట, మన చేతిలోంచి గ్రంథాలయం చేతికి మారింది. 2022 ఆగస్టులో ఫ్రం ఎఫ్ఎన్ వచ్చింది, గడి నంబరును బట్టి అరేని మొదటి నుంచీ కట్టుకోవడానికి.

రస్ట్ వదిలేసిందనుకున్న అంతర్గత పద్ధతి కూడా వెనక తలుపు నుంచి తిరిగొచ్చింది. రెండు వరసల్ని ఛెయిన్‌తో అతికించి బయటి నుంచి నెక్స్ట్ నెక్స్ట్ అని లాగితే, ప్రతిసారీ ఏ వరసలో ఉన్నామో చూసుకోవాలి. 2017 అక్టోబరులో వచ్చిన ఫర్ ఈచ్‌కు పగ్గాలిస్తే అది మొదటి వరసను ఒక లూపుగా, రెండోదాన్ని ఇంకొక లూపుగా నడిపేస్తుంది, చాలాచోట్ల వేగంగా కూడా. 2013లో తోసేసిన స్మాల్‌టాక్ తరహా ఆలోచన బాహ్య ఇటరేటర్ కడుపులోనే చోటు చేసుకుంది.

కొత్తగా రస్ట్ పట్టేవాళ్లకు ఒక మాట. అరేకు మ్యాప్ ఉంది కదా అని లక్ష గడుల అరే మీద వాడకండి. అరే మొత్తం విలువగా చేతులు మారుతుంది, స్టాక్ మీద బరువు పడుతుంది, కంపైలర్ ప్రతిసారీ దాన్ని చక్కగా కుదించలేదు. పెద్ద అరేల దగ్గర జాగ్రత్త అని ఆ మెథడ్ పత్రంలోనే రాసి ఉంది. పదీ ఇరవై గడులైతే నిక్షేపంగా వాడండి. పెద్దది అయ్యుండి టైపు మారకపోతే ఐటర్ మ్యూట్ చాలు. ఇటరేటర్ గొలుసు చివర కలెక్ట్ అని రాసి నేరుగా అరేని రాబట్టాలని మాత్రం చూడకండి. గొలుసులోంచి ఎన్ని విలువలు వస్తాయో టైపు చెప్పదు గనక ఆ దారి రస్ట్‌లో పెట్టలేదు. వెక్‌లోకి పోగేసి, ట్రై ఇంటూతో అరేగా మార్చుకోవాలి, పొడవు సరిపోకపోతే వెక్‌ను వెనక్కిచ్చేస్తుంది.